ఏజెంటు మోసుకురాని మాట

ఏజెంటు అనే మాట నాకు కంప్యూటర్ చూడకముందే తెలుసు. నరసాపురం దగ్గర మా ఊళ్లో లేసు అల్లే ఆడవాళ్లందరూ ఎదురుచూసే మనిషి ఏజెంటు గారు. వారానికోసారి సైకిలు మీద వచ్చేవారు. హ్యాండిలుకి వేలాడే సంచిలో దారం ఉండలు, వెనక క్యారేజీ మీద అల్లిన లేసు మూట. ఒక వీధిలో వాళ్లు పువ్వులు అల్లేవారు. ఇంకో వీధిలో వాళ్లు ఆ పువ్వుల్ని కలిపి బల్లగుడ్డలు చేసేవారు. మొదటిది చేతిపని, రెండోది అతుకుపని. మా అమ్మ అతుకుపని చేసేది.

చాప మీద పువ్వులన్నీ పరిచి, ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనించి చూసేది. కొన్ని పువ్వులు బిగుతుగా అల్లినవి, అంచులు పైకి లేస్తాయి. వాటిని పక్కన పెట్టి, ఏజెంటు గారు వచ్చినప్పుడు, "ఇవి ముడుచుకుపోతున్నాయండి, కాస్త వదులుగా అల్లమని చెప్పండి" అనేది. ఆయన ఆ మాట తీసుకెళ్లి అవతలి వీధిలో చెప్పేవారు. తర్వాతి వారం పువ్వులు చాప మీద చక్కగా పరుచుకునేవి. కొన్నాళ్లకి ఆయన మానేసి ఇంకొకాయన వచ్చారు. మోపెడ్ మీద వచ్చేవారు, లెక్క తప్పేవారు కాదు, డబ్బులు కూడా సమయానికి ఇచ్చేవారు. మూట ఇవ్వడం, మూట తీసుకెళ్లడం, అంతే. అమ్మ చెప్పినదానికి తల ఊపేవారు గానీ అవతలికి చేరేది కాదు. ఇంక అమ్మ చెప్పడం మానేసింది. ముడుచుకున్న పువ్వుని కొంచెం లాగి, నీళ్లు చిలకరించి, కుట్టులో సర్దేసేది. పైకి ఏమీ తెలిసేది కాదు. ఉతికితే తెలిసేది.

స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దంలో మా వైపు ఆడవాళ్లకు నేర్పిన ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికే అమ్మ చూపు ఆనక సూది పక్కన పెట్టేసింది.

నేను యాప్‌లకు స్క్రీన్లు గీస్తాను. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు చేసి, ఇప్పుడు పాలకొల్లులో ఇంటి నుంచే చేస్తున్నాను. నేను గీసినదాన్ని కోడ్‌గా మార్చే తమ్ముడు అమలాపురంలో ఉంటాడు. చించినాడ వంతెన దాటి రాజోలు మీదుగా వెళ్తే వాళ్ల ఇల్లు. సొంత తమ్ముడు కాడు, పనిలో కలిసినవాడు. కానీ మొదటి వారం నుంచే "అక్కా" అన్నాడు, అలాగే స్థిరపడిపోయింది. ఏడాది పైగా మా ఇద్దరి మధ్యా ఏఐ ఏజెంట్లు, అంటే మామూలు మాటల్లో పని చెబితే తామే కోడ్ చదివి, రాసి చేసిపెట్టే ప్రోగ్రాములు, పని చేస్తున్నాయి. వాటివల్ల మా పని ఎంత బాగుపడిందో, ఎక్కడ పాడవబోయిందో రెండూ చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఏజెంట్లు వస్తే డిజైనర్ ఉంటాడా, డెవలపర్ ఉంటాడా అని అందరూ అడుగుతున్నారు. నా దిగులు వేరే. ఏజెంటు మూట ఒక్కటే మోస్తుందా, మాట కూడా మోస్తుందా అన్నది నా దిగులు.

ముందు బాగుపడిన సంగతి చెప్పాలి. అది చిన్నది కాదు.

నేను మొదట పనిచేసిన కంపెనీలో డిజైనర్లు ఒక అంతస్తులో, డెవలపర్లు ఇంకో అంతస్తులో ఉండేవారు. మధ్యలో టికెట్లు, అంటే ఫలానా పని చేయమని రాసి పెట్టే చీటీలు. ఫోటోషాప్‌లో గీసి, ముక్కలు కోసి, కొలతలు రాసి పంపేవాళ్లం. 2016లో స్క్రీన్లు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులోకి వచ్చాక బ్రౌజర్‌లో ఒకే ఫైలు ఇద్దరూ తెరిచి చూసుకునే వీలు కలిగింది. కొలతల గొడవ తగ్గింది. కానీ స్క్రీన్ ఒకటి, కోడ్ ఒకటి అన్న గోడ అలాగే ఉంది. మేం అప్పుడు చేస్తున్న యాప్‌లో తెలుగు వత్తులు తెగిపోయేవి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా వరస ఎత్తును అక్షరానికి 1.2 రెట్లుగా పెట్టారు. "రాష్ట్రం" అన్న మాటలో ష కింద చేరే ట, ర వత్తులు ఆ ఎత్తులో పట్టవు, కింద కోసుకుపోతాయి. బటన్లదీ అదే బాధ. "సేవ్" అన్నంత చోటులో "భద్రపరచండి" పట్టదు. నేను టికెట్ పెట్టాను. "తక్కువ ప్రాధాన్యం" అని రాసి పక్కన పెట్టారు. ఎనిమిది నెలలు అది అలాగే ఉండిపోయింది. ఆ అంతస్తులో తెలుగు చదివేవాళ్లు లేరు. వాళ్ల కంటికి అది తెగిన అక్షరంలా కనపడదు, ఒక ఆకారంలా కనపడుతుంది.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం. ఈ వరసను తెర మీద పేర్చలేక సాఫ్ట్‌వేర్ తడబడింది. కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సరిచేసింది. అందరూ ఆ వార్తని వింతగా చెప్పుకున్నారు. నాకు మాత్రం కడుపులో తిప్పినట్టయింది. ఎనిమిది నెలలుగా ఎవరూ తెరవని నా టికెట్ గుర్తొచ్చింది.

ఇప్పుడు ఏం జరిగిందో చూడండి. పోయిన ఏడాది ఒకరోజు పొద్దున్న నేనే కోడ్ ఉన్న ఫోల్డర్ తెరిచి, ఏజెంటుకి తెలుగులోనే చెప్పాను. తెలుగు ఉన్న ప్రతిచోటా వరస ఎత్తు పెరగాలి, బటన్ వెడల్పు మాటని బట్టి సాగాలి, మాట రెండు వరసలైతే బటన్ ఎత్తు కూడా పెరగాలి. అది కోడ్ అంతా వెతికి, ఎక్కడెక్కడ అంకెలు చేత్తో రాసి ఉన్నాయో పట్టుకుని, వాటన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి మార్చింది. నేను ఫోన్‌లో నడిపి చూసుకుని తమ్ముడికి పుల్ రిక్వెస్ట్, అంటే ఈ మార్పు చూసి అసలు కోడ్‌లో కలపమన్న విన్నపం, పంపాను. వాడు రెండు చోట్ల సరిచేయమన్నాడు, చేశాను. మధ్యాహ్నం భోజనాల లోపల అయిపోయింది. ఆ సాయంత్రం డాబా మీద చాలాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్లూ ఎవరినో బతిమాలుకున్న పని నా చేత్తో అయ్యింది.

అటువైపు వాడిదీ అదే కథ. ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ 2024 నవంబరులో ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) అనే ఒక ఉమ్మడి పద్ధతిని విడుదల చేసింది. ఏజెంట్లు బయటి పనిముట్లతో ఒకే తీరున మాట్లాడుకోవడానికి అది. 2025లో ఫిగ్మా కూడా దాన్ని అందుకుంది. అంతకుముందు ఏజెంటుకి స్క్రీన్ బొమ్మ ఇస్తే చూసి ఊహించేది. ఇప్పుడు ఫైలు లోపలికి వెళ్లి పొరల పేర్లు, రంగుల పేర్లు, ఏ భాగం ఎక్కడ తిరిగి వాడామో చదువుతుంది. దీనివల్ల నా అలవాటు ఒకటి మారింది. ఇదివరకు పొరలకి పేర్లు పెట్టకుండా వదిలేసేదాన్ని, "ఫ్రేమ్ 427" అని దానికదే వచ్చే పేరు అలాగే ఉండేది. ఇప్పుడు "మేత నమోదు వరస" అని రాస్తాను. రంగుకి "ఎరుపు" అని కాకుండా "ప్రమాదం" అని పేరు పెడతాను. ఎరుపు అంటే ఏజెంటు ఎక్కడ బాగుంటే అక్కడ వాడేస్తుంది. ప్రమాదం అంటే దాని వాడుక దానికి అర్థమవుతుంది. ఒక పేరు పెట్టడానికి పావుగంట ఆలోచిస్తున్నాను. ఈ క్రమశిక్షణ నాకు ముందే ఉండాల్సింది.

ఇంతవరకూ నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇక చెరువు సంగతి.

మా వైపు వరి పోయి చేప వచ్చింది, చేప తర్వాత టైగర్ రొయ్య, 2009లో అనుమతి వచ్చాక వన్నామీ రొయ్య. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం మేము ఒక యాప్ చేస్తున్నాం. మేత ఎంత వేశారు, చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడటానికి నీళ్లలో ఉంచే పళ్లెం) ఎంత మిగిలింది, నీళ్లలో ఆక్సిజన్ ఎంత, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఎప్పుడు తిరిగాయి, ఇవన్నీ గట్టు మీదే రాసుకోవడానికి. దాని మొదటి రూపం 2023లో చేశాం. అప్పుడు తమ్ముడు కోడ్ అంతా చేత్తోనే రాశాడు.

మేత వేసిన రెండు గంటలకి ట్రే పైకి లేపి చూస్తారు. అంతా తినేస్తే తర్వాతి మేత పెంచుతారు, మిగిలితే తగ్గిస్తారు. నేను ఆ స్క్రీన్‌లో ఒక గడి గీశాను, "మిగిలిన మేత" అని. చక్కగా ఉందనుకున్నాను. నాలుగో రోజు రాత్రి తొమ్మిదింటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఈ గడిలో సున్నా అంటే రొయ్యలు మేతంతా తినేశాయనా, అసలు ట్రే చూడలేదనా?"

నా దగ్గర జవాబు లేదు. రెండిటికీ సున్నానే వస్తుంది నా స్క్రీన్‌లో. చూడనిదాన్ని తినేసినట్టు లెక్కేస్తే యాప్ మేత పెంచమని చెబుతుంది. ఎక్కువైన మేత అడుక్కి చేరి కుళ్లుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. మర్నాడు ఇద్దరం చెరువుకి వెళ్లాం. గట్టు మీద ఒక పూటంతా కూర్చున్నాక "ట్రే చూడలేదు" అని విడిగా ఒక బటన్ పెట్టాలని తేలింది. అంతే కాదు, తడి చేతులతో తెర సరిగ్గా పలకడం లేదని, బటన్ కనీసం ఇంత ఉండాలని ఆండ్రాయిడ్ వాళ్లు చెప్పే 48 డీపీ కొలత కూడా అక్కడ చిన్నదేనని కూడా తెలిసింది. ఒక్క ఫోన్ ప్రశ్న మమ్మల్ని గట్టు ఎక్కించింది.

రెండో రూపం పోయిన ఏడాది చేశాం. అప్పటికి తమ్ముడి చేతిలో ఏజెంటు ఉంది. నేను ఆక్సిజన్ స్క్రీన్ గీశాను. పెద్ద అంకె, కింద సమయం, బాగుంటే ఆకుపచ్చ, పడిపోతే ఎరుపు. గీసినప్పుడు అంకె ఉన్నట్టే గీశాను. కొలత ఇంకా తీయకపోతే ఏం చూపాలో గీయలేదు. మర్చిపోయాను, అది నా తప్పే. ఏజెంటు నా ఫైలు చదివి ఒక్క సాయంత్రంలో స్క్రీన్లన్నీ రాసేసింది. నడిపి చూస్తే నేను గీసినట్టే ఉంది. తమ్ముడు చూశాడు, నేను చూశాను, ఇద్దరం సంతోషపడ్డాం.

దాన్ని పరీక్షకి ఒక రైతు దగ్గర పెట్టాం. నాలుగో రాత్రి చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ తెరిచాడు. తెర మీద 6.8, ఆకుపచ్చ. అనుమానం వచ్చి ఆక్సిజన్ కొలిచే మీటరు నీళ్లలో ముంచాడు. 3.1 ఉంది. చెరువులోని ఏరేటర్లన్నీ వేసి, పొద్దున్నే రైతుకి చెప్పాడట: "ఫోను అబద్ధం చెప్తోందండి."

జరిగింది ఇదీ. కొత్త కొలత లేనప్పుడు చివరి కొలత చూపించాలని ఏజెంటు తనకు తానే నిర్ణయించింది. ఆ చివరి కొలత ముందురోజు సాయంత్రానిది. పగలంతా నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ విడుస్తుంది కాబట్టి సాయంత్రానికి అంకె ఎక్కువగా ఉంటుంది. రాత్రంతా రొయ్యలూ నాచూ అన్నీ దాన్నే పీలుస్తాయి. అందుకని తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. రొయ్య చనిపోయేది ఆ వేళే. సరిగ్గా ఆ వేళకి మా యాప్ సాయంత్రపు అంకెని ఆకుపచ్చలో చూపించింది. సమయం కింద చిన్న అక్షరాల్లో ఉంది నిజమే, నిద్రకళ్లతో దాన్ని చదివేదెవరు?

ఆ మనిషి మీటరుని నమ్మాడు కాబట్టి నష్టం జరగలేదు. నాకు మాత్రం రెండు రోజులు నిద్ర పట్టలేదు.

ఇందులో ఏజెంటుని తిట్టడానికి ఏమీ లేదు. చివరి విలువ చూపించడం చాలా యాప్‌లలో మంచి పద్ధతే. బ్యాంకు నిల్వకో, బస్సు సమయానికో అది సబబే. చెరువులో అది ప్రాణాంతకం. తేడా ఫైలులో లేదు, కోడ్‌లో లేదు, గట్టు మీద ఉంది. 2023లో తమ్ముడు చేత్తో రాస్తున్నప్పుడు ఇలాంటి చోటుకి రాగానే వాడి చెయ్యి ఆగిపోయేది. ఇక్కడేం రాయాలి అన్న ఇబ్బంది వాడి చేత ఫోన్ చేయించేది. ఏజెంటు చెయ్యి ఆగలేదు. నేను వదిలిన సందుని నున్నగా పూడ్చేసింది. అమ్మ ముడుచుకున్న పువ్వుని నీళ్లు చిలకరించి సర్దినట్టు.

మేమిద్దరం ఆ ఫోన్లని విసుక్కున్న రోజులున్నాయి. "మళ్లీ ఏంటి తమ్ముడూ" అని నేను అన్నాను, "ఇది కూడా చెప్పకుండా గీసేస్తే ఎలా అక్కా" అని వాడు అన్నాడు. ఆ ఆలస్యం అంతా వృథా అనుకున్నాం. అందులో సగం వృథానే. పిక్సెల్ కొలతలు, రంగు కోడ్‌లు, ఫాంటు పేర్లు అడగడం ఎవరికీ పనికొచ్చే మాటలు కావు. అవి పోయినందుకు నేను సంతోషిస్తున్నాను. మిగతా సగమే అసలు డిజైన్. రెండూ ఒకే సంచిలో ఉండేవి. ఏజెంటు వచ్చి సంచి మొత్తం పట్టుకెళ్లిపోయింది.

మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామర్ 1968లో ఒక పరిశీలన రాశాడు. ఒక సంస్థలో మనుషుల మధ్య మాటలు ఏ తీరున నడుస్తాయో, ఆ సంస్థ తయారుచేసే వ్యవస్థ కూడా ఆ తీరుగానే తయారవుతుందని. ఇన్నేళ్లలో చాలా కంపెనీల్లో అది నిజమవడం చూశాం. ఇప్పుడు నేను నా ఏజెంటుతో, తమ్ముడు వాడి ఏజెంటుతో, ఎవరి గదిలో వాళ్లం మాట్లాడుకుంటున్నాం. రెండు ఏజెంట్లూ ఒకే ఫైలు చదువుతాయి. మేమిద్దరం మాత్రం వారం రోజులు మాట్లాడుకోకపోయినా పని ఆగదు. పని ఆగకపోవడం చూసి యాజమాన్యాలు మురిసిపోతాయి. నాకు అది భయం వేసే సంగతి.

అందుకని పద్ధతి మార్చుకున్నాం. కోడ్ రాయమని చెప్పేముందు ఏజెంటుకి ఒకే పని ఇస్తాం: "ఈ స్క్రీన్లలో చెప్పకుండా వదిలేసినవేమిటో రాయి. నువ్వు ఏదీ పూడ్చకు." అది బాగా అడుగుతుంది, అది ఒప్పుకోవాలి. నెట్ లేకపోతే ఏమిటి, ఇద్దరు మనుషులు ఒకే చెరువుకి రెండు కొలతలు రాస్తే ఏది నిలుస్తుంది, తేదీ అర్ధరాత్రి మారితే రాత్రి మేత ఏ రోజు లెక్కలోకి వస్తుంది. మేము ఊహించనివి కూడా అడుగుతుంది. ఆ జాబితా పట్టుకుని ఇద్దరం కూర్చుంటాం, కొన్నిటికి చెరువుకి వెళ్తాం. తేలిన జవాబుని కారణంతో సహా కోడ్ పక్కనే ఒక ఫైలులో తెలుగులో రాసి పెడతాం. "కొత్త కొలత లేకపోతే అంకె చూపించవద్దు, ‘కొలత తీయాలి’ అని చూపించు. ఎందుకంటే ఆక్సిజన్ తెల్లవారుజామున పడిపోతుంది." ఏజెంటు ప్రతి పని ముందూ ఆ ఫైలు చదువుతుంది. తర్వాత నా ఏజెంటు చేసిన మార్పు ఆ కారణానికి అడ్డొస్తే వాడి ఏజెంటు పట్టుకుంటుంది, వాడు నాకు ఫోన్ చేస్తాడు. మొదటి ఏజెంటు గారిలా అవతలి వీధికి మాట చేరుతోంది.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. ఏజెంటే అన్నీ అడుగుతుంటే, జవాబులు ఒక్కరే చెప్పవచ్చు కదా, ఇద్దరెందుకు అని. ఒక పెద్ద కంపెనీలో పనిచేసే నా స్నేహితురాలి బృందంలో ఇదే లెక్క చూసి మనుషుల్ని తగ్గించారు. ఇప్పుడు ఆమె గీస్తుంది, ఆమే ఏజెంటుతో కోడ్ చేయిస్తుంది, ఆమే సరిచూస్తుంది. పని వేగంగా నడుస్తోందని ఒప్పుకుంది. "కానీ నేను చెప్పినదానికి కాదనేవాళ్లు లేరే" అంది. ఏజెంటుకి నేను ఏ కారణం చెప్పినా సరేనంటుంది, కాస్త గట్టిగా చెబితే తన మాట వెనక్కి తీసుకుంటుంది. తమ్ముడు తీసుకోడు. అక్షరాలకి నేను పెట్టిన బూడిద రంగు మీద వాడు నాతో పదిరోజులు పోట్లాడాడు. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగులో కనీసం 4.5 రెట్ల తేడా ఉండాలన్న నియమం నాకూ తెలుసు, నా రంగు దాన్ని దాటుతుంది, అందుకే వదలలేదు. వాడు మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడి ఫోటో తీసి పంపాడు. ఆ ఫోటోలో నా అక్షరాలు లేవు. ఇద్దరి చదువు వేరు, ఇద్దరి భయాలు వేరు. అది రెండు జీతాల ఖర్చుగా లెక్కకి తేలేది కాదు.

ఇంకొక దిగులు కూడా చెప్పాలి. భీమవరం, అమలాపురం, కాకినాడ కాలేజీల నుంచి వచ్చే పిల్లలకి మొదటి ఉద్యోగంలో ఇచ్చే పనే ఇది, డిజైన్ చూసి స్క్రీన్ కట్టడం. తమ్ముడు అలాగే నేర్చుకున్నాడు. సున్నా అంటే ఏమిటి అని అడగడం వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు, కట్టి కట్టి వచ్చింది. ఆ పని ఇప్పుడు ఏజెంటుది. మరి ఆ ప్రశ్న పుట్టే చెయ్యి ఎలా తయారవుతుంది? మేము తీసుకున్న ఒక అమ్మాయికి మొదటి నెల ఏజెంటు ఇవ్వలేదు. ఆరు స్క్రీన్లు చేత్తో కట్టించాం, వారానికి రెండు రోజులు చెరువు దగ్గర ఉంచాం. ఈ ఖర్చు భరించమని ప్రతి సంస్థనీ నేను గట్టిగా అడుగుతాను. చిన్న బృందం భరించగలిగినప్పుడు పెద్దవాళ్లకి ఏం కష్టం?

రెండో నెల ఆ అమ్మాయి రాసిన ప్రశ్నల జాబితా, ఏజెంటు రాసిన జాబితా పక్కపక్కన పెట్టుకుని మొన్న ఆదివారం మళ్లీ గట్టుకి వెళ్లాం. ఏజెంటుది పొడవు. అమ్మాయిది చిన్నది, కానీ అందులో ఒకటి ఏజెంటుకి తట్టలేదు: మీటరు పాడైతే ఏం రాయాలి? రైతు బాబాయ్ గారు దానికి పావుగంట జవాబు చెప్పారు. అన్నీ అయ్యాక, ఆ రాత్రి కాపలా మనిషి అంతసేపూ దూరంగా నిలబడి వింటున్నవాడు దగ్గరికి వచ్చాడు.

"నాదొకటుందండి. రాత్రి ఫోను తెరిస్తే ఆ తెల్ల వెలుగుకి పురుగులన్నీ మొహం మీదకొస్తున్నాయండి. ఒక చేత్తో తోలుకుంటా, ఒక చేత్తో నొక్కలేకపోతన్నాను. తెర నల్లగా పెట్టలేరాండి?"

తమ్ముడు నా వైపు చూశాడు. నల్ల తెర మీద మా ఎరుపు సరిగ్గా కనపడదు, అది మా ఇద్దరికీ తెలుసు. అమ్మాయి అప్పటికే పుస్తకం తీసి రాసుకుంటోంది. చీకటి పడేదాకా ఉండి, ఫోన్‌లో నాలుగు రకాల ఎరుపులు నల్ల తెర మీద పెట్టి ఒక్కోటీ ఆయన చేతికిచ్చాం. మూడోది బాగుందన్నాడు. ఎందుకు బాగుందో అడుగుతూ ఉండగా ఏరేటర్లు వేసే వేళయింది, గట్టు దిగి వెళ్లిపోయాడు.